విమర్శకులు మెచ్చారు, టికెట్ కొన్నవాళ్లు ‘ఎఫ్’ వేశారు: ‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’ మీద గొడవ అసలు దేని గురించి?

2012 మే నెలలో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో ప్రదర్శించిన ‘కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ’ అదే ఏడాది నవంబర్ 30న అమెరికా థియేటర్లలోకి వచ్చింది. బ్రాడ్ పిట్ హీరో, ఆండ్రూ డొమినిక్ దర్శకుడు. నిడివి 97 నిమిషాలే. సమీక్షకుల్లో నూటికి డెబ్భై మందికి పైగా బాగుందన్నారు. మొదటిరోజు చూసిన మామూలు ప్రేక్షకులు మాత్రం సినిమాస్కోర్ సర్వేలో ‘ఎఫ్’ గ్రేడు వేశారు. ఎ ప్లస్‌తో మొదలయ్యే ఆ మెట్లలో ఎఫ్ కింద ఇంకేమీ లేదు.

ఇంత తేడా వస్తే మనవాళ్లు చెప్పే మాటలు రెండే. ఒకటి, ‘విమర్శకులకు జనం నాడి తెలీదు’. రెండు, ‘జనానికి సినిమా చూడటం రాదు’. రెండూ సోమరి మాటలే. ఈ సినిమా విషయంలో జనం, విమర్శకులు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పలేదు. వాళ్ల ముందున్న ప్రశ్నలే వేరు. వాటిని విడదీసి చూస్తే ఎవరి ఫిర్యాదులో పస ఉందో, ఎవరిది ఉత్త కోపమో తెలుస్తుంది.

ముందు ఆ ఎఫ్ ఎలా వచ్చిందో చూద్దాం. సినిమాస్కోర్ 1970ల చివర్లో లాస్ వేగాస్‌లో మొదలైన సంస్థ. సినిమా విడుదలైన రోజు రాత్రి అమెరికా, కెనడాల్లో ఎంపిక చేసిన థియేటర్ల దగ్గర ప్రేక్షకులకు చిన్న కార్డు ఇస్తారు. ఏ గ్రేడు ఇస్తారు, వయసెంత, ఆడా మగా, ఈ సినిమాకు ఎందుకు వచ్చారు లాంటి నాలుగైదు ప్రశ్నలకు దాని మీద గుర్తులు పెట్టాలి. మన మార్నింగ్ షో టాక్‌నే లెక్కకట్టి కాగితం మీద పెట్టినట్టు అనుకోవచ్చు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మొదటిరోజు వచ్చేవాళ్లు ఆ సినిమాను కోరి వచ్చినవాళ్లు. ట్రైలర్ నచ్చి, నటుడు నచ్చి, డబ్బు పెట్టి వచ్చారు. అందుకే గ్రేడ్లు మామూలుగా పైనే ఉంటాయి. బి ప్లస్ అంటే ‘పర్లేదు’, సి అంటే ప్రమాదం. ఎఫ్ అన్నది అన్నేళ్లలో ఇరవై చిల్లర సినిమాలకే దక్కిన అరుదైన మర్యాద.

అంటే ఆ గ్రేడు కొలిచేది సినిమా నాణ్యతను కాదు, చూపిస్తామన్నదానికీ చూపించినదానికీ మధ్య ఉన్న దూరాన్ని. 2002లో ‘సొలారిస్’కూ, 2017లో ‘మదర్!’కూ ఎఫ్ పడ్డది ఈ లెక్కనే. మూడింటిలోనూ పెద్ద నటులున్నారు, పోస్టర్ మీద వాళ్ల మొహాలున్నాయి, లోపల మాత్రం పోస్టర్ చెప్పని సరుకు ఉంది.

విమర్శకుల శాతానికీ ఒక మెలిక ఉంది. సమీక్షలన్నీ ఒకచోట పోగేసే సైటు రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతం సగటు మార్కు కాదు. ‘మొత్తమ్మీద చూడొచ్చు’ అన్న సమీక్షలు నూటికి ఎన్ని అన్నదే ఆ లెక్క. పదికి ఆరిచ్చినవాడూ, తొమ్మిదిచ్చినవాడూ అందులో ఒకటే. కాబట్టి డెబ్భై చిల్లర శాతం అంటే విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారని కాదు, ఎక్కువమంది తోసిపుచ్చలేదని. ఇక ప్రేక్షకులే మార్కులు వేసే ఐఎండీబీ సైటులో దీనికి పదికి ఆరు దాటి కాస్త కనిపిస్తుంది. అందరూ ఆరేసి ఇచ్చినా ఆరే వస్తుంది. సగంమంది తొమ్మిది, సగంమంది మూడు ఇచ్చినా ఆరే వస్తుంది. ఇలాంటి సినిమాకు సగటు అంకె పక్కనపెట్టి, ఒకటి నుంచి పది దాకా ఎవరు ఎన్నిచ్చారో చూపే గీతలు చూడటం మేలు.

ట్రైలర్ అమ్మిందేమిటి, సినిమాలో ఉన్నదేమిటి

ట్రైలర్ చూసినవాడికి తెలిసేది ఇది: పేకాట గదిని ఇద్దరు దోచుకుంటారు, మాఫియా ఒక హంతకుణ్ణి దించుతుంది, అతను బ్రాడ్ పిట్. తోలు జాకెట్, వెనక్కి దువ్విన జుట్టు, చేతిలో తుపాకీ. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ కథలో అతను అడుగుపెట్టేసరికే మొదటి అంకం అయిపోతుంది. అడుగుపెట్టాక కూడా చాలాసేపు చేసే పని, ఆపి ఉన్న కారులో కూర్చుని పనికి రేటు మాట్లాడటం.

కథ చిన్నది. చిన్నాచితకా వ్యాపారం చేసుకునే జానీ అమాటో, మార్కీ ట్రాట్‌మన్ నడిపే పేకాటను దోచుకోవాలని పథకం వేస్తాడు. జైలు నుంచి వచ్చిన ఫ్రాంకీని, హెరాయిన్ మత్తులో తేలే అతని నేస్తం రసెల్‌ని పనికి పెడతాడు. పథకంలో తెలివి ఒక్కచోటే ఉంది. గతంలో మార్కీ తన ఆటను తానే మనుషుల్ని పెట్టి దోపించి, తర్వాత నవ్వుతూ ఒప్పేసుకున్నాడు. మనిషి మంచివాడని అప్పుడు వదిలేశారు. మళ్లీ దోపిడీ జరిగితే అందరి వేలూ మార్కీ వైపే చూపిస్తుంది.

దోపిడీ జరుగుతుంది. ఆటలన్నీ మూతపడతాయి. జాకీ కోగన్‌ను, అంటే పిట్‌ను, పిలుస్తారు. మార్కీకి ఈసారి దోపిడీతో సంబంధం లేదని అతను త్వరగానే పసిగడతాడు. అయినా మార్కీ చావాల్సిందే అంటాడు. ఎందుకంటే పేకాడేవాళ్లు మార్కీయే చేశాడని నమ్ముతున్నారు. అతను తిరుగుతున్నంత కాలం ‘వీళ్లని దోచుకున్నా ఏమీ కాదు’ అనే మాట బజార్లో ఉంటుంది. డబ్బు పట్టుకుని ఆటకు ఎవడూ రాడు. నిజం ఎవరిదన్నది కాదు, నమ్మకం ఎప్పుడు తిరిగి వస్తుందన్నదే లెక్క.

సినిమా గుండె ఇక్కడుంది. దీన్ని పట్టుకున్నవాళ్లకు మిగతా అంతా దీని చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. దాటిపోయినవాళ్లకు మిగిలేది ‘ముగ్గుర్ని చంపాడు, అయిపోయింది’ అన్న కథే. అలా చూస్తే నిజంగానే ఏమీ లేదు: మలుపు లేదు, వేట లేదు, చివర్లో ఎదురెదురు కాల్పులు లేవు.

పాత నోయర్ సినిమాలకు, అంటే చీకటి నీడల్లో నడిచే హాలీవుడ్ నేర కథలకు, అలవాటుపడినవాళ్లకు ఇంకో దెబ్బ కూడా తగులుతుంది. 1940లు, 50ల్లో హాలీవుడ్ పాటించిన నియమావళి ప్రకారం తెర మీద నేరస్తుడికి శిక్ష పడితీరాలి. 1968లో ఆ నియమావళి పోయి రేటింగుల పద్ధతి వచ్చాక వచ్చిన నియో-నోయర్ (కొత్త తరం నోయర్) సినిమాల్లో ఆ బలవంతం లేకపోయినా, తప్పు చేసినవాణ్ణి ఏదో ఒక రూపంలో విధి వెంటాడటం అలవాటుగా మిగిలింది. ఇక్కడ విధి లేదు. రసెల్‌ను పోలీసులు పట్టుకునేది కూడా మాదకద్రవ్యాల కేసులోనే, దోపిడీకి కాదు. అసలు హంతకుడికి ఎదురయ్యే ఏకైక అడ్డంకి బిల్లు చెల్లింపు.

మాటలు: సాగదీతా, సరుకా

ప్రేక్షకుల ఫిర్యాదుల్లో మొదటిది ‘అంతా మాటలే’. నిజమే. మూలం అలాంటిది. ఇది జార్జి వి. హిగ్గిన్స్ 1974లో రాసిన ‘కోగన్స్ ట్రేడ్’ నవల. హిగ్గిన్స్ మసాచుసెట్స్‌లో ప్రాసిక్యూటర్‌గా పనిచేసినవాడు. నేరస్తులు ఎలా మాట్లాడతారో చెవులారా విన్నవాడు. అతని నవలల్లో కథ మాటల్లోనే నడుస్తుంది. ఎవరో భోంచేస్తూ పెళ్లాం గురించి సణుగుతుంటే, ఆ సణుగుడు మధ్యలోంచి ఒక హత్య సంగతి జారిపడుతుంది. డొమినిక్ ఆ పద్ధతినే ఉంచుకున్నాడు.

అయితే మాటల సన్నివేశాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. కోగన్, మాఫియా తరఫున వచ్చే లాయరు లాంటి మనిషి (రిచర్డ్ జెంకిన్స్, పాత్రకు పేరు కూడా ఉండదు, డ్రైవర్ అంతే) కారులో మాట్లాడుకునే సన్నివేశాలు తీసుకోండి. డ్రైవర్‌కు సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం లేదు. పైన ఒక కమిటీ ఉంది, దానికి ధైర్యం లేదు. చంపమనడానికి నోరు రాక, ముందు మార్కీని కొట్టి చూడండి అంటుంది. ఆ కొట్టుడు దండగని కోగన్ వాదన. బయటినుంచి ఇంకో హంతకుణ్ణి తెప్పించాలంటే అతన్ని విమానంలో చవక టికెట్ మీదే తీసుకురావాలట. పెద్ద ఆఫీసులో ఫైలు కదిలించిన అనుభవం ఎవరికున్నా ఈ సన్నివేశాలు కితకితలు పెడతాయి. ఇవి సాగదీత అన్నవాళ్లతో నేను ఏకీభవించను. కథలో నిర్ణయాలన్నీ ఆ కారులోనే జరుగుతాయి.

మిక్కీ సంగతి వేరు. న్యూయార్క్ నుంచి రప్పించిన ఆ హంతకుడి పాత్రలో జేమ్స్ గాండోల్ఫినీ ఒదిగిపోయాడు. తాగుడు, విడిపోతున్న పెళ్లి, నెత్తి మీద కేసు, మరచిపోలేని ఒక ఆడమనిషి. హోటల్లో మార్టినీ మీద మార్టినీ తాగుతూ వెయిటర్‌ను కసురుకునే మొదటి సన్నివేశం అద్భుతం. ఒకప్పటి మొనగాడు పనికిరాకుండా పోయాడని కోగన్‌కూ మనకూ ఒకేసారి అర్థమవుతుంది. తర్వాత హోటల్ గదిలో రెండో సన్నివేశం వస్తుంది. అందులో మనకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. మిక్కీ చేయాల్సిన హత్య అతను చేయడు. కోగన్ అతన్ని ఉపాయంగా పోలీసులకు పట్టించి దారిలోంచి తప్పిస్తాడు. కథలోకి వచ్చినవాడు కథకు ఏమీ చేయకుండా వెళ్లిపోవడం దర్శకుడు కావాలనే చేశాడు. పనికిరాని ఖర్చు అంటే ఇదే అని చూపించడం. కానీ ఆ ఉద్దేశం మొదటి సన్నివేశంతోనే నెరవేరింది. రెండోదాన్ని సగానికి తగ్గించినా నష్టం లేదు. ‘ఇక్కడ నాకు నిద్ర వచ్చింది’ అన్న ప్రేక్షకుణ్ణి ఇక్కడ మాత్రం తప్పుపట్టలేం.

మనవాళ్లకు దీనికి తోడు ఇంకో చిక్కు. ఈ పాత్రలు బోస్టన్ యాసలో, వీధి మాటల్లో, వాక్యాలు సగంలో వదిలేస్తూ మాట్లాడతాయి. రసెల్‌గా వేసిన బెన్ మెండెల్సన్‌ది ఆస్ట్రేలియా యాస, పైగా మత్తు. వాళ్ల మాట వెనకాల అదే సమయంలో టీవీ మాట్లాడుతుంటుంది. ఓటీటీలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసేవాళ్లు ఒక కంటితో మెండెల్సన్ చెమట మొహం, ఇంకో కంటితో కింద పరుగెత్తే అక్షరాలు చూడాలి. వెనకటి ప్రసంగం చెవికి మోతగానే మిగిలిపోతుంది. సినిమా సగం అర్థం మోసేది ఆ మోతే.

రేడియో గోల

సినిమా నవల కాలంలో లేదు. 1974 కథను డొమినిక్ 2008 సెప్టెంబర్, నవంబర్ నెలల మధ్యకు తెచ్చి పెట్టాడు. అమెరికా ఆర్థిక సంక్షోభం ముదిరిన రోజులవి. లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు సెప్టెంబర్ 15న దివాలా పిటిషన్ వేసింది. సెప్టెంబర్ 29న ప్రతినిధుల సభ బ్యాంకుల రక్షణ బిల్లును తిప్పికొట్టింది. సవరించిన బిల్లు మీద అక్టోబర్ 3న అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. మొత్తం 70,000 కోట్ల డాలర్లు. నవంబర్ 4న అధ్యక్ష ఎన్నికల్లో ఒబామా గెలిచాడు. కారు రేడియోలో, బార్ టీవీలో, విమానాశ్రయంలో ఈ గొంతులే వినబడుతుంటాయి.

పోలిక స్పష్టం. మార్కెట్‌లో నమ్మకం పోయింది, ఎవరు తప్పు చేశారన్నది తర్వాత, ముందు నమ్మకం నిలబెట్టాలి అని టీవీలో నాయకులు అంటుంటారు. కారులో కోగన్ అదే మాట మార్కీ ప్రాణం గురించి అంటాడు. పోలిక పిచ్చిది కాదు, బలమైనదే. గొడవంతా మోతాదు దగ్గర వచ్చింది.

దీని మీద ప్రేక్షకులు, విమర్శకులు అడ్డంగా చీలారు, అదీ ఒక శిబిరానికి ఒక అభిప్రాయంగా కాదు. సినిమా నచ్చిన సమీక్షకుల్లో కూడా చాలామంది రాజకీయాన్ని సుత్తితో కొట్టి చెప్పారన్నారు. ‘ఏ రౌడీ కారులో వార్తలు పెట్టుకుని తిరుగుతాడు?’ అని సాధారణ ప్రేక్షకుడు అడిగిన ప్రశ్నా ఇదే ఫిర్యాదు. సమర్థించేవాళ్లు మాత్రం, ఆ గొంతులు పాత్రలు వినడానికి కాదు, ఎవరూ వినకపోవడమే విషయం అంటారు. ఆ శరదృతువులో అమెరికాలో ఎక్కడికెళ్లినా అదే మోత, బతుకు ఈడ్చేవాడు మాత్రం తన అప్పు గురించే ఆలోచిస్తున్నాడు అని.

నాకు ఈ సమర్థన సగమే రుచిస్తుంది. గొంతు బార్ టీవీలోంచి, పాత్రల మాట కింద గొణుగుడుగా వచ్చినచోట్ల పని చేస్తుంది. మాట ఆగి, ప్రసంగంలో సరిగ్గా అదే వాక్యం మనకు స్పష్టంగా వినబడేలా శబ్దం పెంచినచోట్ల చెడుతుంది. అప్పుడది ఊరి మోత కాదు, దర్శకుడి వేలు. ఆలోచనలో కాదు లోపం, శబ్ద మిశ్రమంలో. నియో-నోయర్‌లో లోకం కుళ్లిందని పాత్ర బతుకే చెబుతుంది. పైనుంచి వ్యాఖ్యానం కలిపితే ప్రేక్షకుడికి తనే కనిపెట్టే సంతోషం పోతుంది.

చినుకుల మధ్య తూటా

హింస మీద అభిప్రాయాలు చీలడానికి రెండు సన్నివేశాలు చాలు. రెంటిలోనూ దెబ్బ తినేవాడు మార్కీయే.

మొదటిది, వానలో మార్కీని ఇద్దరు కొట్టడం. కెమెరా దగ్గరగా ఉంటుంది. దెబ్బ పడ్డ చప్పుడు తడిగా, బరువుగా వినిపిస్తుంది. మార్కీగా వేసిన రే లియోటా బతిమాలతాడు, ఏడుస్తాడు, కొట్టేవాడి మీద కక్కుతాడు. కొట్టేవాడికి అప్పుడు వచ్చే కోపం బట్టలు పాడయ్యాయని. ఎక్కడా కళ లేదు, కావాలని లేకుండా చేశారు. చూస్తున్నవాడు మొహం తిప్పుకోవాలి.

రెండోది, అదే మార్కీని కోగన్ కారులోంచి కాల్చడం. ఇక్కడ అంతా తలకిందులు. అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో చిత్రీకరించి, సెకను నిడివి ఘటనను చాలాసేపు సాగదీశారు. వాన చినుకులు గాల్లో పూసల్లా ఆగి ఉంటాయి. తూటా అద్దాన్ని చీల్చుకుపోతుంటే పగుళ్లు మెల్లగా విచ్చుకుంటాయి, తూటాల ఖాళీ తొడుగులు తిరుగుతూ పడతాయి. వెనకాల ‘లవ్ లెటర్స్’ అనే పాత ప్రేమపాట. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్, తర్వాత ‘డ్యూన్’కు ఆస్కార్ అందుకున్నవాడు. సినిమా నచ్చనివాళ్లు కూడా ఈ షాట్లు బాగున్నాయంటారు. నచ్చినవాళ్లలో కొందరికి ఇదే మింగుడుపడదు: కొట్టుడును అంత అసహ్యంగా చూపి, చావును నగల ప్రకటనలా చూపడమేమిటి అని.

జవాబు సినిమా పేరులో ఉంది, ‘వాళ్లని మెత్తగా చంపడం’ అని దాని అర్థం. కోగన్‌కు దగ్గరగా వెళ్లి చంపడం ఇష్టం లేదు. వాళ్లు ఏడుస్తారు, కాళ్లు పట్టుకుంటారు, అమ్మను పిలుస్తారు, అదంతా ఇబ్బంది అంటాడు. దూరం నుంచి, మెత్తగా చంపాలి. మొదటి సన్నివేశం దగ్గరి చూపు, రెండోది కోగన్ కోరుకునే దూరపు చూపు. అంత అందంగా కనిపించడానికి కారణం చంపేవాడు చచ్చేవాడి మొహం చూడకపోవడమే. ఈ వాదన నాకు గట్టిగానే కనిపిస్తుంది, కానీ ఒక షరతు మీద: రెండు సన్నివేశాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండోదాన్ని మాత్రమే యూట్యూబ్‌లో ముక్కగా చూసినవాడికి అది ఉత్త సోకే.

ఆడవాళ్ల సంగతి త్వరగా చెప్పేయొచ్చు. చెప్పుకోదగ్గ మాటలున్న ఆడపాత్ర దాదాపు ఒక్కటే, అదీ మిక్కీ హోటల్ గదికి వచ్చిన వేశ్య. మగవాళ్ల మాటల్లో మాత్రం ఆడవాళ్లు నిండా ఉన్నారు, అందులో గౌరవం ఉన్నది తక్కువ. ఈ మగాళ్ల బుద్ధే అంత అని చూపించారనొచ్చు. 97 నిమిషాలూ ఆ బుద్ధితోనే కూర్చోవడం ఇష్టంలేదన్నవాళ్లకు జవాబు చెప్పడం మాత్రం కష్టం.

చివరి బేరం

అన్నిటికన్నా ఎక్కువ వాదన చివరి సన్నివేశం మీద నడిచింది. ఎన్నికల రాత్రి, బార్. టీవీలో ఒబామా విజయ ప్రసంగం, మనమంతా ఒక్కటి అన్న మాట. కోగన్ నవ్వుతాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ బానిసల్ని ఉంచుకుని సమానత్వం రాసిన పెద్దమనిషి అంటాడు. అమెరికా దేశం కాదు, వ్యాపారం అంటాడు. తెర నల్లబడుతుంది.

నచ్చినవాళ్లు దీన్ని సినిమా సందేశం అన్నారు. నచ్చనివాళ్లూ సందేశమే అన్నారు, చవకబారు సందేశమని. అసలు ఆ బార్‌లో ఏం జరుగుతోందో ఇద్దరూ కాస్త మరిచారు. కోగన్ కవరు తీసి లెక్కపెడితే 30,000 డాలర్లు ఉన్నాయి. మనిషికి 10,000 చొప్పున ముగ్గురికి. అతను అడుగుతున్నది మనిషికి 15,000. మాంద్యం కాలంలో ధరలు తగ్గాయని డ్రైవర్ అంటాడు, పాతమనిషి డిలన్ 10,000కే చేసేవాడంటాడు. డిలన్ చచ్చిపోయాడని కోగన్ సమాధానం. ఆ దేశచరిత్ర ఉపన్యాసం అంతా 15,000 డాలర్ల తేడా వసూలు చేయడానికి ఎత్తుకున్నది. చివరి మాట కూడా డబ్బు కట్టమనే.

అంటే ఆ మాటలు అనేవాడు తత్త్వవేత్త కాదు, బిల్లు తగ్గించిన పార్టీ మీద ఎక్కిన కాంట్రాక్టరు. అతను చెప్పింది నిజం కావచ్చు, కానీ చెప్పడానికి కారణం నిజం మీద ప్రేమ కాదు. టీవీలో మాట్లాడుతున్నవాళ్లు నమ్మకం గురించి చెప్పడం వెనకా లెక్కలున్నట్టే, ఇతను నమ్మకం లేదని చెప్పడం వెనకా లెక్కే ఉంది. మిగతా 15,000 అతని చేతికి వచ్చిందో లేదో సినిమా చూపించదు.